పంటిపోటు

దేహంలోని అవయవాలన్నిటిలోను పన్నుకు జరిగినంత చిన్నచూపు మరి దేనికీ జరగలేదు. కంటిలో నలుసు పడితే ఇల్లంతా లేచి కూర్చుంటుంది. కడుపులో నొప్పి అంటే ఇరుగుపొరుగులు పరుగెత్తుకొని వస్తారు. పన్ను నొస్తున్నదని చెప్పినప్పుడు మాత్రం వినేవారి పెదవులమీద సన్నని నవ్వొకటి కదలుతుంది. లవంగం నొక్కిపెట్టుకోమంటారు, ఉప్పునీళ్లు పుక్కిలించమంటారు, తెల్లవారేసరికి అదే సర్దుకుంటుందంటారు. బాధపడేవానికి సైతం ఆ బాధ చెప్పుకోవడానికి లోలోపల సిగ్గు. ముప్ఫైరెండింటిలో ఒకటి గదా, దానికోసం పని మానుకొని కూర్చున్నాడంటే నలుగురూ ఏమనుకుంటారు?

సూరత్ నగరంలో, లింబాయత్ పేటలో కాపురమున్న ఒక తెలుగు నేతకాడు ఈ సిగ్గుకు చెల్లించిన వెల చిన్నది కాదు.

తాపీనది ఒడ్డునున్న సూరత్‌ను చరిత్ర చదువుకొన్నవారు మొగలాయీల కాలపు రేవుపట్టణంగా, 1664లో శివాజీ దాడిచేసిన సంపన్ననగరంగా ఎరుగుదురు. తెలంగాణపు పద్మశాలీలు దానిని వేరొక విధంగా ఎరుగుదురు. చేతిమగ్గం కడుపు నింపలేని రోజులలో సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్, నల్లగొండ ప్రాంతాల కుటుంబాలు కొన్ని షోలాపూరుకు, కొన్ని భివండికి, కొన్ని సూరత్‌కు రైలెక్కాయి. లింబాయత్, ఉధనా పేటలలో సందు మలుపు తిరిగితే తెలుగు వినపడుతుంది. నగరపాలక సంస్థ నడిపే ప్రాథమిక పాఠశాలలలో గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియాలతోపాటు తెలుగు మాధ్యమానికి కూడ చోటు దొరికింది. మరమగ్గాన్ని సిరిసిల్లలో సాంచా అంటారు. గుజరాతీవారు సంచో అంటారు. ఏ మాట ఎటునుంచి ఎటు నడిచిందో గాని, ఊరు మారినా ఆ నేతకాడు ఈ ఒక్క మాటను మార్చుకోవలసిన పని లేకపోయింది.

ఆతడు ఒక ఖాతాలో పగటి పాళీ నేసేవాడు. పాళీ అంటే పన్నెండు గంటలు. ఎనిమిది సాంచాలు ఆతని చేతికింద ఉండేవి. కూలి మీటరు లెక్కన వస్తుంది. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. తెగిన పోగును ముడివేసి మిగిలిన కొసను పళ్లతో తుంచడం ఆతనికి చిన్ననాటి అలవాటు. చేతిలో కత్తెర ఉన్నా నోరే ముందు పోయేది. దానికి తోడు నిద్ర ఆపుకోవడానికి బుగ్గలో పొగాకు. సూరత్ వీథులలో పొద్దున్నే తుమ్మపుల్లలు కట్టలుగా అమ్ముతారు. వాటిని దాతణ్ అంటారు. ఇంటి దగ్గర వేపపుల్ల నమిలినవాడు ఇక్కడ తుమ్మపుల్ల నమిలి, పళ్ల విషయంలో తన ధర్మం తాను నిర్వర్తించాననే అనుకునేవాడు.

కింది దవడలో కుడివైపు చివరిదానికి ముందున్న దంతం చాలకాలంగా పుచ్చి ఉన్నది. ఆశ్వయుజమాసంలో ఒకనాటి రాత్రి అది లేచింది.

పంటిపోటు రాత్రివేళ ముదరడానికి కారణమున్నది. పన్ను బయటికి రాయివలె కనిపించినా లోపల మెత్తని గుజ్జు ఉంటుంది. అందులో రక్తనాళాలు, నరాలు ఉంటాయి. దేహంలో ఇతరత్రా వాపు వస్తే కండ సాగి చోటిస్తుంది. ఈ గుజ్జు చుట్టూ నాలుగువైపులా గట్టిగోడలే గనుక వాపుకు పోదామంటే దారి ఉండదు. మనిషి పడుకోగానే తలకు నెత్తురు వేగం పెరిగి ఆ ఇరుకులో ఒత్తిడి ఇంకా హెచ్చుతుంది. అందుచేతనే పంటిపోటు పడినవాడు రాత్రంతా కూర్చుని ఉంటాడు, లేదా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతాడు. ఆ నేతకాడు ఆరు రాత్రులు తిరిగాడు.

ఈ బాధకు తెలుగులో ఉన్నన్ని మాటలు చూస్తే మన పెద్దలు దీనిని తక్కువగా ఎరిగినవారు కారని తోస్తుంది. చల్లనీళ్లు తగిలితే జివ్వుమంటుంది. ఆగి ఆగి సలుపుతుంది. నాడి కొట్టుకొన్నట్లు పోటు పొడుస్తుంది. చెవిదాకా, కణతదాకా గుంజుతుంది. హిందీవారి టీస్ కొంతవరకు సలుపుకు దగ్గర. గుజరాతీవారి సణ్కా జివ్వుమనడానికి దగ్గర. వైద్యునికి వీటి తేడా ఎంతో అవసరం. చల్లదనానికి జివ్వుమని వెంటనే మానేది ఒక దశ. వేడికి లేచి గంటసేపు పోటుపెట్టేది మరొక దశ. మొదటిది చిన్న పూడికతో పోవచ్చు, రెండవది పోదు. పరాయిభాషలో బతికే కూలివానికి మాత్రం ఒక్క దర్ద్ అనే మాట మిగులుతుంది. అన్ని దశలూ ఆ ఒక్క మాటలో కలిసిపోతాయి.

సందు చివర మందుల దుకాణంలో ఆతడు ఆ దర్ద్ అనే మాట చెప్పి బిళ్లలు కొనుక్కొన్నాడు. మరునాడు మరి రెండు. ఎవరో చెప్పగా ఒక బిళ్లను నూరి చిగురుమీద పెట్టుకొంటే చిగురు కాలి తెల్లబడింది. లవంగనూనె కొంత మేలు చేసింది. అందులోని సారాన్ని దంతవైద్యులు నేటికీ వాడుతూనే ఉన్నారు గనుక అందులో వింత లేదు. ఇంటిది వైద్యుని దగ్గరకు పొమ్మని పోరింది. దీపావళి దగ్గరపడుతున్నది, ఖాతాలన్నీ రాత్రింబగళ్లు నడుస్తున్నాయి, పండుగకు సాంచాలు ఎలాగూ ఆగుతాయి, అప్పుడు తీరికగా పీకించుకొందామన్నాడు. ఆతని లెక్కలో తప్పు పట్టడం తేలిక. కాని దంతశాలకు పోవాలంటే ఒక పాళీ పోవాలి. ఒక పాళీ పోతే ఎనిమిది సాంచాల మీటర్లు పోవాలి. పండుగముందు పోయిన మీటర్లు తిరిగి రావు.

భయం కూడ ఉన్నది. చిన్నతనంలో జాతరలో ఒకడు పటకారుతో పన్ను పీకడం ఆతడు చూశాడు. పన్ను పీకితే కంటిచూపు పోతుందని ఊళ్లో పెద్దలు అనగా విన్నాడు. ఇది వట్టి అపోహ. కంటిచూపును నడిపే నరం వేరు, పంటి నరం వేరు. ఇక నొప్పి సంగతి. మత్తుమందును లోకానికి ఇచ్చినవారే దంతవైద్యులు. 1844లో అమెరికాలో హొరేస్ వెల్స్ అనే దంతవైద్యుడు నవ్వుల వాయువు పీల్చి తన పన్ను తానే పీకించుకొన్నాడు. 1846 అక్టోబరు 16న అదే వృత్తికి చెందిన విలియం మోర్టన్ బోస్టన్ ఆస్పత్రిలో ఈథర్ పట్టగా, ఒక రోగి మెడమీది కంతిని బాధ తెలియకుండ కోశారు. ఈనాడు దంతశాలలలో చిగురుకు వేసే సూదిమందు లిడోకైన్‌ను 1943లో స్వీడన్ రసాయనవేత్త లోఫ్‌గ్రెన్ తయారుచేశాడు. ఇంత జరిగినా జాతరలోని పటకారు మనుషుల మనస్సులలోనుంచి పోలేదు. ఇందులో మరొక చిక్కున్నది: చీము పట్టిన చోట పులుపు పెరిగి ఆ సూదిమందు సరిగా పనిచేయదు. భయపడి ఆలస్యంచేసినవానికే నొప్పి తగిలే అవకాశం హెచ్చు.

ఏడవనాడు నొప్పి పోయింది.

ఆ రోజు చందీ పడవో. శరత్పూర్ణిమ మరునాడు సూరత్‌వాసులు ఘారీ అనే మిఠాయి తిని ఆ పండుగ చేసుకొంటారు. కోవా, నెయ్యి దట్టించిన ఆ మిఠాయిని ఆతడు ఇంటికి తెచ్చి పిల్లలకు పంచి తానుకూడ తిన్నాడు. కుడివైపుతోనే నమిలాడు. పన్ను పలకలేదు. దంతవైద్యుని రుసుము మిగిలిందని ఇంటిల్లిపాదీ సంతోషించారు.

ఇక్కడనే ఎక్కువమంది మోసపోతారు. లోపలి గుజ్జు చచ్చిపోయినప్పుడు నొప్పి ఆగుతుంది. అరిచే నరమే లేకపోతే అరుపెక్కడిది? కాని చచ్చిన గుజ్జు కుళ్లుతుంది, కుళ్లు వేరుకొసనుంచి ఎముకలోకి దిగుతుంది. కింది దవడలో చివరి దంతాల వేళ్లు నాలుకను కిందనుంచి మోసే కండరానికంటె దిగువకు ఉంటాయి. చీము అక్కడ ఎముకను తొలిచిందంటే నోటిలోకి రాక మెడలోకి దిగుతుంది. అటువంటి వాపును 1836లో లుడ్విగ్ అనే జర్మను వైద్యుడు వర్ణించాడు. ఆ వ్యాధికి ఆతని పేరే నిలిచింది. నాలుక కిందిభాగమంతా కొయ్యవలె గట్టిపడి నాలుకను పైకి, వెనకకు నెడుతుంది. గాలి పోయే దారి మూసుకొంటుంది. చీమును చంపే మందులు రాకముందు ఈ వ్యాధి తగిలినవారిలో సగానికి పైగా మరణించేవారు.

నాలుగు రోజులు గడిచాయి. అయిదవ రోజు సాయంత్రం పాళీ దిగి వచ్చేసరికి దవడ కింద వాచి ఉన్నది. ఒళ్లు కాలుతున్నది. అన్నం కలిపి నోటికెత్తుకొన్నాడు గాని నోరు రెండు వేళ్ల మందం కూడ తెరుచుకోలేదు. ఇంటిది ఆతనిని దగ్గరలోని ఒక దంతశాలకు తీసుకొనిపోయింది. తలుపు వేస్తున్న మనిషి రేపు పది గంటలకు రమ్మన్నాడు. ఇద్దరూ తిరిగివచ్చారు.

పక్కగదిలో ఒక ముసలాయన ఉండేవాడు. యౌవనమంతా భివండిలో భీములు చుట్టి, చివరికి కొడుకు దగ్గర చేరినవాడు. రాత్రి పదిగంటలవేళ ఆయన బయట మంచంమీద కూర్చుని ఉండగా నేతకాడు మంచినీళ్లడిగిన మాట వినిపించింది. మాట వేడిముద్ద నోట్లో పెట్టుకొని పలికినట్లున్నది. ఆయన లేచి లోపలికి వచ్చాడు.

"ఏం లేదు పెద్దయ్యా, పొద్దుగాలకు తగ్గుతది" అన్నాడు నేతకాడు, పెదవి కొసనుంచి కారుతున్న చొంగను తువ్వాలుతో తుడుచుకొంటూ.

"ఉమ్మి మింగు బిడ్డా, సూస్త" అన్నాడు ముసలాయన.

మింగలేకపోయాడు.

"ఇది పన్ను సంగతి కాదు. నడువుండ్రి."

"తెల్లారినంక దవఖాన తీస్తమన్నరు గద మామా" అన్నది ఇల్లాలు.

"తెల్లారేదాక గొంతు తెరిచి ఉండాలె గద అవ్వా" అన్నాడాయన. భివండిలో ఇటువంటి వాపుతోనే ఒకనిని తెల్లవారుజామున మోసుకొనిపోయారట. ఆ మాట ఆయన ఆ రాత్రి చెప్పలేదు, తరువాత చెప్పాడు.

లింబాయత్‌కూ పడమటి నగరానికీ మధ్య రైలుకట్ట అడ్డం. కట్టకింద దాటే దారిని గరనాళు అంటారు. వానకాలంలో అది నీళ్లతో నిండిపోతుంది. ఆ రాత్రి నీళ్లు లేవు. ఆటోలో వెనక నలుగురు: నేతకాడు, ఇల్లాలు, ముసలాయన, పదమూడేళ్ల కూతురు. ఆ పిల్లను తీసుకొనిపోవడానికి కారణం హిందీ. ఇంట్లో వైద్యునితో తడుముకోకుండా మాటాడగలిగినది ఆమె ఒక్కతే. ఇల్లాలు మగని తలను ఒడిలో పెట్టుకొందామని చూసింది. ఆతడు పడుకోనని మొండికేసి ముందుకు వంగి కూర్చున్నాడు. పడుకొంటే ఊపిరి ఆడదని ఆతనికి దేహమే చెప్పింది.

మజూరా గేటు దగ్గరి న్యూ సివిల్ ఆస్పత్రికి వెళ్లారు. దంతవైద్యానికి, సాధారణవైద్యానికి మధ్య ఎప్పుడో పడిన గోడ సంగతి ఇక్కడ చెప్పుకోవాలి. సుశ్రుతుడు ముఖరోగాలను అరవైఅయిదుగా లెక్కించినప్పుడు పెదవులు, చిగుళ్లు, దంతాలు, నాలుక, అంగిలి, గొంతు అన్నిటినీ ఒక్కచోటనే చెప్పాడు. నోరు ఆతనికి ఒకే ఇల్లు. 1840లో అమెరికాలోని బాల్టిమోరులో వైద్యకళాశాలతో సంబంధంలేకుండ మొదటి దంతవైద్య కళాశాల వెలసింది. మన దేశంలో డాక్టర్ రఫీఉద్దీన్ అహమ్మద్ 1920లో కలకత్తాలో తొలి దంతకళాశాలను స్థాపించాడు. 1948లో దంతవైద్యుల చట్టం వచ్చింది. శాస్త్రం పెరగడానికి ఈ వేరుకాపురం మేలే చేసింది. అయితే రోగికి ఇందులో ఒక నష్టం కలిగింది. పంటి తలుపులు రాత్రి మూసి ఉంటాయి, రాత్రి తెరిచి ఉండే తలుపు పంటిది కాదని ఆతడు అనుకొంటాడు. ముసలాయన చదువు లేనివాడు గనుక ఈ విభాగాలను ఎరుగడు. గొంతు మూసుకొంటున్నది, పెద్దాస్పత్రికి పోవాలని మాత్రమే ఎరుగును.

అత్యవసర విభాగంలో రాత్రి కొలువులో ఉన్న యువవైద్యుడు ఆతనిని మంచంమీద పడుకోబెట్టనివ్వలేదు, కూర్చోబెట్టే చూశాడు. ఎన్నాళ్లనుంచి అని అడిగాడు. పిల్ల హిందీలో చెప్పింది. నొప్పి ఎక్కువగా ఉన్నదా అని అడిగాడు. ఇప్పుడు నొప్పి లేదని ఆతడు చేయి ఊపాడు. ఇంటిలో మిగిలినవారికి కూడ ఆ సంగతి చెప్పడం ఇష్టంలేదు; నొప్పి లేదంటే ఇంటికి పంపివేస్తారేమో అని భయం. తల్లి గొంతు తగ్గించి కూతురితో అన్నది: "పన్ను సచ్చిపోయింది, అయిదు దినాలాయె. గది చెప్పకు."

పిల్ల ఒక్క క్షణం తటపటాయించి చెప్పేసింది. తెలుగులో విన్న మాటను ఉన్నదున్నట్లు మార్చింది: "దాఢ్ మర్ గయీ. పాంచ్ దిన్ హో గయే."

దంతం చచ్చిపోయింది, అయిదు రోజులైంది. హిందీలో ఎవరూ అట్లా అనరు. నొప్పి తగ్గింది, ఆరామ్ వచ్చింది అంటారు. పెద్దవాడైతే అట్లే చెప్పి ఉండేవాడు, వైద్యుడు మరి నాలుగు ప్రశ్నలు అడగవలసివచ్చేది. ఆ పిల్ల మాట మార్చడం తెలియక సత్యం చెప్పింది. యువవైద్యుడు ఆమెవంక తేరిపారచూసి, వెంటనే లోపలికి కబురుచేశాడు. మత్తువైద్యుడు వచ్చాడు, శస్త్రవైద్యుడు వచ్చాడు. అవసరమైతే గొంతునాళానికి కోతపెట్టి గాలి ఇవ్వడానికి పళ్లెం సిద్ధంచేసుకొన్నారు. ఆ అవసరం రాలేదు. దవడకింద కోసి చీము తీశారు. నరంద్వారా మందులెక్కించారు. రెండురోజులకు వాపు తీసిన తరువాత దంతవైద్యుడు వచ్చి ఆ పన్ను పీకాడు. సూదిమందు బాగా పట్టింది. పీకినట్లే తెలియలేదని నేతకాడు తరువాత పదిమందికి చెప్పాడు.

ఆతడు తొమ్మిదిరోజులు అక్కడ ఉన్నాడు. పిల్ల బడి మానుకొని తండ్రి పక్కనే ఉన్నది. ఊరికే కూర్చోవడం ఎందుకని దంతవైద్యుడు హిందీలో చెప్పిన సంగతులను నోటుపుస్తకంలో తెలుగులో రాసుకొన్నది. దవడకింద గాని, కంటివైపు గాని వాపు పాకితే, జ్వరం వస్తే, నోరు తెరుచుకోకపోతే, ఉమ్మి మింగలేకపోతే తెల్లవారేదాకా ఆగరాదు. చీము ఉన్నప్పుడు బిళ్లలు దానిని కొంత అణచగలవేగాని బయటికి తీయలేవు, దారి చేయవలసినదే. దెబ్బతగిలి పెద్దపన్ను ఊడిపడితే దానిని తెల్లనిభాగం దగ్గర పట్టుకోవాలి, వేరును రుద్దరాదు. వీలైతే వెంటనే ఆ గుంటలోనే పెట్టి పట్టుకోవాలి, లేకుంటే పాలలో వేసి గంటలోపల దంతవైద్యుని చేరాలి. ఎంత తొందరగా చేరితే అంత మంచిది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టరాదు. ఈ చివరి సంగతులు ఆ ఇంటికి అనవసరం కాదు. సాంచామీద నాడె దారితప్పి ఎగిరి మనిషి మూతికి తగలడం ఖాతాలో అందరూ ఎరిగిన ప్రమాదమే.

ఆస్పత్రి ఖర్చు పెద్దది కాలేదు. పోయినదంతా కూలిలో పోయింది. పండుగముందు మీటర్లు వేరొకనివి అయ్యాయి. ఆస్పత్రి కిటికీలోనుంచే దీపావళి బాణసంచా చూశారు. లాభ్ పాంచమ్‌నాడు గుజరాతీ వర్తకులు లెక్కలపుస్తకాలు తెరిచి తిరిగి వ్యాపారం మొదలుపెడతారు. ఆ తరువాత ఖాతాకు పోతే ఎనిమిది సాంచాలలో రెండు కొత్తవాని చేతికి పోయి ఉన్నాయి. తొలినాడే ఒక గంటసేపు దంతశాలలో కూర్చొని ఉంటే ఒక పాళీతో పోయేదని ఇల్లాలు అన్నది. ఆతడు మారుమాటాడలేదు.

ఆలస్యానికి వెల ఎంతో సూరత్‌కు తెలియనిది కాదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షలమంది ఈ నగరాన్ని విడిచిపోయారు. రైళ్లలో తెలుగు నేతకాండ్రు కూడ ఉన్నారు. మరుసటి ఏడు నగరపాలక కమీషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త ఎత్తించి, మురుగు తీయించి, నగరం ముఖమే మార్చాడు. వీథులలో జ్వరాలకు లెక్క పెట్టడం ఆ నగరం అప్పుడు నేర్చుకొన్నది. పంటిపోటుకు ఏ దస్త్రంలోను లెక్క లేదు. అది అంటుకొనే జబ్బు కాదు. ఒక్కని నోటిలో పుట్టి, ఆతని కూలితోనే ముగుస్తుంది.

మాఘమాసంలో ఒకనాటి మధ్యాహ్నం ఖాతాలో పక్క వరుసలో నేసే గంజాం జిల్లా కుర్రవాడు బుగ్గమీద చేయి పెట్టుకోవడం నేతకాని కంటబడింది. అంతకుముందు మూడురోజులు కూడ చూశాడు. సాంచాల చప్పుడులో మాట వినపడదు. అక్కడ అందరూ చేతులతోనే మాటాడుకొంటారు. ఆతడు తన దవడ చూపి, కనుబొమ్మలెత్తి అడిగాడు. కుర్రవాడు నవ్వి, అరచేయి గాలిలో తుడిచినట్లు ఊపాడు: పోయింది, ఇక లేదు.

నేతకాడు తన సాంచాలు ఆరూ ఆపివేశాడు. కుర్రవాని వరుసకు వెళ్లి ఆ ఎనిమిదీ ఆపివేశాడు. వాని మోచేయి పట్టుకొని మెట్లు దింపి, వీథిలో ఎండలోకి వచ్చిన తరువాత, ఎక్కడికో ఎందుకో హిందీలో చెప్పాడు. ఆనాడు సాయంత్రం పాళీ మారేదాకా ఆ పద్నాలుగు సాంచాలూ ఆగే ఉన్నాయి. ఆ మీటర్లు శేఠ్ లెక్కలో వేయలేదు.